తొమ్మిది సెకన్ల నవ్వు

పోయిన వారం మనం ఎడిటరమ్మను సినిమా హాలు చివరి వరుసలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఒళ్ళో స్క్రిప్టు కట్ట, చేతిలో పెన్సిలు, మెడలో స్టాప్‌వాచీ. ‘ఏనుగుల కాపురం’ అనే బొమ్మల సినిమా రెండో భాగం మొట్టమొదటిసారి బయటి జనం ముందు ఆడుతున్న ఉదయం ఆట అది. అందులో నాన్న ఏనుగుకు గొంతు ఇచ్చినాయన పోయి ఏడు నెలలు. ఎడిటరమ్మ భర్త ఆయనే. ఇంకా పదిహేడు మాటలు చెప్పాల్సి ఉండగానే ఆసుపత్రి పాలయ్యాడు. వేరే గొంతు పెడదామని డైరెక్టరు అన్నప్పుడు ససేమిరా అని, మొదటి భాగంలో వాడకుండా మిగిలిన టేకులు బీరువా నిండా ఉన్నాయి, వాటిలోంచి ఏరి అతుకుతానని పట్టుబట్టింది ఈవిడే. అన్నట్టే అతికింది. పదహారు మాటలు ఆ బీరువాలోవి. పదిహేడోది ఎక్కడిదో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట వచ్చే సీను ఇంకో పావుగంట ఉందనగా, రానంటే రానని తెగేసి చెప్పిన కూతురు పిచ్చుక చీకట్లో తడుముకుంటూ వచ్చి నాలుగో వరుసలో కూర్చుంది.

పేరుకు పిచ్చుకే గాని ఆ పిల్లకు ఇరవయ్యేళ్ళు. చిన్నప్పుడు గుప్పెడంత ఉండేదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఆయన పోయాక ఆ పేరుతో ఇంట్లో ఎవరు పిలిచినా పలకడం మానేసింది.

ఎడిటరమ్మకు కూతురి పక్కకు వెళ్ళి కూర్చోవాలనిపించింది. వెళ్ళడానికి వీల్లేదు. హాస్య సినిమాను జనం మీద పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. ఎడిటరు తెరను చూడకూడదు, తెర ఎలాగూ కంఠతా వచ్చు. చూడాల్సింది తలకాయల్ని. నవ్వే తల వెనక్కి పోతుంది, విసుగెత్తిన తల పక్కకు వాలుతుంది, పిల్లలకు విసుగొస్తే తల కనబడదు, మొత్తం మనిషే కుర్చీ కిందికి పోతాడు. నవ్వు పడిన మాట కింద స్క్రిప్టులో గీత పెట్టాలి, అది ఎన్ని సెకన్లు నిలిచిందో పక్కన అంకె వెయ్యాలి. నవ్వాల్సిన చోట ఎవరైనా దగ్గితే సున్నా. ఆట అయ్యాక ఆ అంకెల ప్రకారం నవ్వు పడిన ప్రతిచోటా కాస్త ఖాళీ వదులుతారు, లేకపోతే తర్వాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది. పాతికేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని ఇదే. ఊళ్ళో జనం నవ్వుల్ని కొలిచి కొలిచి, ఇంట్లో ఎవరైనా నవ్వినా వాచీ వైపు చూసేది. ఆ విషయం మీద భర్త ఎన్ని జోకులు వేశాడో లెక్కలేదు.

రెండో భాగానికి వచ్చే జనంతో పెద్ద చిక్కు. పాత జోకే మళ్ళీ వేస్తే మొహం మాడ్చుకుంటారు, వెయ్యకపోతే మోసం చేశారంటారు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు మాత్రం మొదటి పావుగంట పెదవులు బిగించుకుని కూర్చున్నా, తర్వాత మెత్తబడ్డారు. ఏనుగుల కుటుంబం మూడు గదుల ఇంట్లోంచి రెండు గదుల ఇంట్లోకి మారింది. బామ్మ ఏనుగు సోఫా కాస్తా ఆక్రమించేసింది. పిల్ల ఏనుగులు నీళ్ళ తొట్టిలో చదువుకుంటున్నాయి. ఎడిటరమ్మ ముందు వరుసలో ఒక అమ్మమ్మ, పక్కన మనవరాలు.

“అమ్మమ్మా, ఇప్పుడు నవ్వాలి” అని మనవరాలు మోచేత్తో పొడిచింది.

“ఉండవే, అర్థమయ్యాక నవ్వుతాను.”

అమ్మమ్మ అర్థం చేసుకుని నవ్వేసరికి హాలంతా నవ్వడం అయిపోయింది. ఆవిడ ఒక్క నవ్వు విని మళ్ళీ అందరూ నవ్వారు. ఎడిటరమ్మ ఆ నవ్వుకు కూడా గీత పెట్టి, పక్కన ‘అమ్మమ్మ’ అని రాసుకుంది.

ఇంతలో ఆ సీను రానే వచ్చింది.

నాన్న ఏనుగు వంటింట్లోంచి బయటికి రాబోయి గుమ్మంలో ఇరుక్కుంటాడు. తల ముందుగదిలో, ఒళ్ళంతా వంటింట్లో. పొద్దుటి నుంచి ఎవరికీ తిండి లేదు, వంటింట్లోకి వెళ్ళే దారి ఆయనే. పిల్లలు తొండం పట్టి లాగుతారు, అమ్మ ఏనుగు పక్కింటి కిటికీ గుండా వెళ్ళి వెనకనుంచి నెడుతుంది, ఇల్లుగలాయన వచ్చి గోడ పోతుందని గోల పెడతాడు. అందరూ అరిచి అరిచి అలిసిపోయి ఒక్క క్షణం ఊరుకుంటారు. అప్పుడు నాన్న ఏనుగు, తొండం నోటికి అడ్డంగా వేలాడుతుంటే, నీరసంగా, బొంగురుగా, చాలా మర్యాదగా అంటాడు:

“నాకేం ఫర్వాలేదు. కంగారు పడకండి. ముందు మీరంతా భోంచేశారా లేదా, అది చెప్పండి.”

హాలు విరగబడి నవ్వింది. తలలన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. పిల్లలు కాళ్ళతో కుర్చీలు తన్నారు. అమ్మమ్మ సైతం ఈసారి అందరితోపాటే నవ్వింది. ఎడిటరమ్మ బొటనవేలు అలవాటు చొప్పున వాచీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. తొమ్మిది సెకన్లు. మొదటి భాగం మొత్తంలో ఆరుకు మించిన నవ్వు లేదు.

ఆ మాట బీరువాలోది కాదు. అది ఆసుపత్రి మంచం మీద ఆయన అన్న మాట. మిగిలిన పదిహేడూ ఇక్కడే చెప్పేస్తాను, చిన్న రికార్డరు పట్టుకురా అని అడిగి తెప్పించుకున్నాడు. ఒక్కటీ చెప్పలేకపోయాడు. మొదటి మాటకే ఊపిరి అందలేదు. భార్య, ఇద్దరు నర్సులు, డాక్టరు మంచం చుట్టూ మూగి హడావుడి పడుతుంటే, కాస్త తేరుకుని వాళ్ళను చూసి అన్నాడా మాట. పదిహేడో మాట కోసం ఎడిటరమ్మ బీరువాలో రెండు వారాలు వెతికింది. దొరకలేదు. వేరేవాడి గొంతు ఆ ఏనుగు నోట్లో పెడితే ఆయన రెండోసారి పోయినట్టు అనిపించింది. అందుకని స్క్రిప్టులోని మాట తీసేసి, ఆసుపత్రి మాటను తెచ్చి అక్కడ పెట్టింది. తొండం అడ్డం ఉంది గనక ఎవరికీ పెదాలు కలవలేదన్న అనుమానం రాలేదు. అంత నవ్వు పడుతుందని మాత్రం ఆవిడ కలలో కూడా అనుకోలేదు. నవ్వేవాళ్ళ మీద కోపం రావాలి కదా అని చూసుకుంది. రాలేదు. పాపం వాళ్ళేం చేస్తారు, ఆయన ఏం మాట్లాడినా జనానికి నవ్వొచ్చేది.

నాలుగో వరుసలో ఒక్క తల కదల్లేదు.

నవ్వు సద్దుమణిగే సమయానికి పిచ్చుక లేచి నిలబడింది. తెర వెలుగులో ఒక్క క్షణం వెనక్కి తిరిగి చివరి వరుస వైపు చూసింది. తర్వాత జనం మోకాళ్ళు దాటుకుంటూ తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

ఎడిటరమ్మ కదల్లేకపోయింది. ఇంకా పాతిక నిమిషాల సినిమా ఉంది, తలకాయలు చూడాలి, గీతలు పెట్టాలి. పెట్టింది కూడా. సాయంత్రం ఆ కాగితాలు విప్పి చూస్తే, ఆ తర్వాత వచ్చిన ప్రతి గీత పక్కనా తొమ్మిదే వేసి ఉంది.

ఆట అయ్యాక హాలు బయట బల్ల దగ్గర జనం కార్డులు నింపి ఇస్తున్నారు. డైరెక్టరు వాటిని రెండు చేతులా పట్టుకుని చదువుతున్నాడు. ఎడిటరమ్మకంటే పదేళ్ళు చిన్నవాడు, ఆవిడను అక్కా అనీ ఆవిడ భర్తను బావగారూ అనీ పిలిచేవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, ఇది చూడండి. ‘మీకు బాగా నచ్చిన మాట ఏది?’ కార్డులిచ్చిన నూట అరవై మందిలో వంద మంది పైన అదే రాశారు. భోంచేశారా లేదా. బావగారు వెళ్ళిపోయి కూడా కొట్టేశారక్కా. ఇంతకీ ఆ టేకు ఎక్కడ దొరికింది మీకు? నాకు గుర్తే లేదు.”

“దొరికిందిలే” అంది ఎడిటరమ్మ.

“ఒక్కటే ఇబ్బంది. వెంటనే వచ్చే ఇల్లుగలాయన మాట నవ్వులో పోయింది. అక్కడ ఇంకో నాలుగు సెకన్లు ఖాళీ వదలండి. సాయంత్రానికి సినిమా అప్పజెప్పాలి, తెలుసుగా.”

ఆవిడ తల ఊపి, చేతికి దొరికిన కార్డు ఒకటి తీసుకుంది. ఆరేళ్ళ పిల్ల రాసింది. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. నచ్చిన మాట అన్న చోట ఏమీ లేదు. అడుగున మాత్రం ఒక ప్రశ్న ఉంది: నాన్న ఏనుగుకు ఒంట్లో బాగోలేదా?

“చిన్నపిల్లలు ఏదో ఒకటి రాస్తుంటారు” అన్నాడు డైరెక్టరు.

ఎడిటరమ్మ ఆ కార్డును స్క్రిప్టు కట్టలో పెట్టుకుంది. మూడొందల మంది చెవులున్న హాల్లో ఒక పసిపిల్లకు వినబడింది. ఇంకొకరికీ వినబడి ఉంటుంది. ఆ ఇంకొకరు ఎక్కడికి వెళ్ళి ఉంటారో ఆవిడకు చెప్పనక్కర్లేదు.

ఎడిటింగు గది రెండు వీధుల అవతల, పాత భవనం మూడో అంతస్తులో ఉంది. కిటికీలు లేవు, గోడలకు చప్పుడు పీల్చే మెత్తలు. చిన్నప్పుడు పిచ్చుక బడి నుంచి వచ్చి ఆ గదిలోనే బల్ల కింద కూర్చుని హోంవర్కు రాసుకునేది. రాసుకుంటూనే సగం ఎడిటింగు నేర్చేసుకుంది. ఇప్పుడు తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఆగిన బొమ్మలో నాన్న ఏనుగు గుమ్మంలో ఇరుక్కుని చూస్తున్నాడు.

“తలుపెయ్యి” అంది పిచ్చుక.

ఎడిటరమ్మ తలుపు వేసింది. గదిలో ఇంకే చప్పుడూ లేకుండా పోయింది.

“ఎప్పటిదమ్మా అది?”

“పాత టేకు. మొదటి భాగంలో...”

“నాతో కూడా అబద్ధమేనా?” కూతురి గొంతు పెరగలేదు. “జలుబు చేసినప్పటి నాన్న గొంతు నాకు తెలుసు. రోజంతా అరిచి బొంగురుపోయినప్పటిదీ తెలుసు, నిద్రలేచినప్పటిదీ తెలుసు. ఈ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అంటే నేను లేనప్పటిది. మూడు రోజులు గొంతులో గొట్టం ఉంది. ఆ మూడు రోజులూ నేను పక్కనే ఉన్నాను, ఏం కావాలన్నా కాగితం మీద రాసేవాడు. గొట్టం తీసింది నా పరీక్ష రోజు. నేను లేనిది ఆ ఒక్క రోజే.”

ఎడిటరమ్మ గోడకు ఆనుకుంది. ఏడు నెలలుగా కట్టుకున్న అబద్ధం ఒక్క గొంతు జీరకు దొరికిపోతుందని ఆవిడకు తెలిసి ఉండాల్సింది. పెంచింది తనే కదా ఆ చెవుల్ని.

“గొట్టం తీసినా మత్తులోనే ఉన్నారు, మాట రాలేదు, అలాగే వెళ్ళిపోయారు అన్నావు. నేను అదే నమ్మాను. నేను వచ్చినా మాట్లాడేవాడు కాదులే అని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నానమ్మా నేను.”

“నువ్వు బాధపడతావని...”

“పొద్దున ఫోన్ చేసి వచ్చెయ్యనా అని అడిగితే, పరీక్ష రాసి సాయంత్రం రమ్మన్నది ఎవరు?”

“నేనే.”

“అప్పటికే మాట్లాడుతున్నాడా?”

“మాట్లాడుతున్నారు” అంది ఎడిటరమ్మ. “బాగానే ఉన్నారనుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళిపోతాం, ఇంక నీకు చదువు పోవడం ఎందుకనుకున్నాను. సాయంత్రానికి అంతా అయిపోతుందని నాకేం తెలుసు? నువ్వు వచ్చి తలుపు దగ్గర నిలబడి, నాన్న ఏమైనా అన్నాడా అని అడిగావు. అన్నారని చెబితే, మరి నన్నెందుకు ఆపావని అడుగుతావు. అందుకని ఏమీ అనలేదని చెప్పాను. నీ కోసం కాదు. నా కోసమే చెప్పాను.”

ఇంత మాట ఆవిడ తనతో తాను కూడా ఎప్పుడూ అనుకోలేదు. అనేశాక బరువు దిగినట్టేమీ లేదు. కూతురి మొహం చూస్తే ఇంకా పెరిగింది.

పిచ్చుక కళ్ళు తుడుచుకోలేదు. తెర మీది బొమ్మనే చూస్తూ అంది. “ఆ మాట చివర నాన్న ఊపిరి అలాగే ఉంచేశావు.”

ఎడిటరమ్మ ఉలిక్కిపడింది.

“జనం నవ్వు అందుకోవడానికి అరక్షణం పడుతుంది. ఆ అరక్షణంలో విన్నాను. ‘అది చెప్పండి’ అన్నాక నాన్న ఊపిరి పీల్చాడు. ఊపిరికి ముందే కత్తిరించాలి, లేకపోతే వినేవాళ్ళు ఇంకో మాట కోసం చూస్తారని నాకు నేర్పింది నువ్వే. నువ్వు అంత తప్పు చెయ్యవు.”

“కత్తిరించబోయాను” అంది తల్లి. “ఆయన ఊపిరి కత్తిరించడానికి చెయ్యి రాలేదు.”

“ఊపిరి పీల్చి ఏమన్నాడు?”

“పిచ్చుకా...”

“ఏమన్నాడమ్మా?”

“అదే అన్నారు. ‘పిచ్చుక ఏది?’ అన్నారు. ‘ఇంకా రాలేదా?’ అన్నారు.”

ఏడు నెలల తర్వాత నాన్న అన్నట్టుగా ఆ పేరు ఆ పిల్ల చెవిన పడింది. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి తల వంచుకుంది. వీపు ఎగసిపడుతోంది. చప్పుడు మాత్రం బయటికి రావడం లేదు. ఎడిటరమ్మ చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ముట్టుకునే హక్కు తనకు లేదనిపించింది.

“నువ్వేం చెప్పావు?” అంది పిచ్చుక తల ఎత్తకుండానే.

“దారిలో ఉంది, వచ్చేస్తోంది అన్నాను.”

“నేను పరీక్ష హాల్లో ఉన్నాను అప్పుడు.”

“తెలుసు.”

“మరి ఎదురు చూశాడా?”

“తలుపు వైపు తిరిగి పడుకున్నారు.”

పిచ్చుక చెయ్యి చాచింది. “ఇలా ఇవ్వు. నేను వినాలి.”

వద్దని చెప్పే అర్హత ఎడిటరమ్మకు లేదు. సొరుగు తాళం తీసి, గుడ్డలో చుట్టిన చిన్న రికార్డరు బయటికి తీసింది. అప్పట్లో సినిమాకు కావాల్సిన ఒక్క ముక్క మాత్రమే అందులోంచి తీసుకుని, మిగతాది ముట్టుకోకుండా దాచేసింది. ఇయర్‌ఫోన్లు తగిలించి కూతురికి అందించి, చాలా అవసరమైన జాగ్రత్త చెబుతున్నట్టు అంది. “‘దారిలో ఉంది’ అని నేను అన్నంత వరకే. తర్వాత ఏమీ లేదు. ఊపిరి సర్దుకుందని డాక్టరూ నర్సులూ వెళ్ళిపోయారు, నేనూ ఏడుపు ఆపుకోలేక బయటికి పోయాను. రికార్డరు ఆపడం మర్చిపోయాను. పదకొండు నిమిషాల ఖాళీ గది, అంతే. నేను తిరిగొచ్చేసరికి నిద్రపోయారు. మళ్ళీ లేవలేదు.”

“ఆ పదకొండు నిమిషాలు నువ్వు విన్నావా?”

వినలేదు. లోకంలో ఏ చప్పుడైనా వినగలదు గాని, తను వదిలేసి వచ్చిన గదిలో ఆయన ఒంటరిగా ఊపిరి కోసం పడ్డ పాట్లు వినే ధైర్యం ఆవిడకు లేకపోయింది. తల అడ్డంగా ఊపింది.

పిచ్చుక మీట నొక్కి కళ్ళు మూసుకుంది.

పొద్దున మూడొందల తలల్ని చూసిన ఎడిటరమ్మ ఇప్పుడు ఒక్క మొహాన్ని చూస్తూ నిలబడింది. ఏ మాట ఎప్పుడు వస్తుందో ఆవిడకు కంఠతా వచ్చు. భోంచేశారా అన్నచోట కూతురి పెదాలు కదిలాయి. పిచ్చుక ఏది అన్నచోట చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. తన అబద్ధం వచ్చినచోట ఆ పిల్ల కళ్ళు తెరిచి తల్లి వైపు ఒకసారి చూసి మళ్ళీ మూసుకుంది. ఆ చూపును ఎడిటరమ్మ చచ్చేదాకా మర్చిపోలేదు. ఇక తన అడుగుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు రావాలి. వచ్చే ఉంటాయి. ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసెయ్యబోయింది.

“అంతేనమ్మా. ఇంకేం లేదు. ఇలా ఇచ్చెయ్యి.”

పిచ్చుక ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపేసింది. రెండో చేత్తో ఇయర్‌ఫోనును చెవికి అదిమి పట్టుకుంది. నుదురు ముడిపడింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. పట్టుకున్న చెయ్యి వదల్లేదు సరిగదా, పట్టు మారింది. ఆపడానికి పట్టుకున్న చెయ్యి, ఇప్పుడు తల్లిని నిలబెట్టడానికి పట్టుకున్నట్టు అయింది.

“నువ్వు వెళ్ళాక నాన్న మాట్లాడాడు” అంది మెల్లగా.

“ఎవరితో? గదిలో ఎవరూ లేరే.”

పిచ్చుక రికార్డరు ఆపి, మళ్ళీ తలుపు మూసిన చప్పుడు దగ్గరికి వెనక్కి తిప్పింది. ఇయర్‌ఫోన్లు తన చెవుల్లోంచి తీసి, లేచి, కుర్చీ తల్లి వైపు జరిపింది.

“కూర్చో. ఇది నాకు కాదు, నీకు; రికార్డరు ఆగలేదని చూసి చెప్పాడు. నేను దారిలో లేనని నాన్నకు తెలుసమ్మా. మొదలుపెట్టడమే ఆ మాటతో మొదలుపెట్టాడు.”